కథ మళ్లీ చెప్పకురా చిన్నా

చిన్నా,

ఫ్రెంచి రచయిత మొపాసా రాసిన 'ది నెక్లెస్' కథ మీద నువ్వు వాట్సాప్‌లో పంపిన జవాబు చదివాను. రెండు పేజీలు నింపావు, దస్తూరీ కూడా బాగుంది, కానీ ఆ రెండు పేజీల్లోనూ ఉన్నది కథే. మెటిల్డా గుమాస్తా భార్య, నగ అరువు తెచ్చుకుంది, పోగొట్టుకుంది, 10 ఏళ్లు అప్పు తీర్చింది, చివరికి అది గిల్టుదని తేలింది. పేపరు దిద్దేవాళ్లకి ఇదంతా తెలుసురా. ఆ కథలో నువ్వు ఏం పట్టుకున్నావన్నదే వాళ్లకి తెలీదు, మార్కులు దానికే.

నేనూ తక్కువ తినలేదులే. గుణుపూరులో పాఠాలు మొదలుపెట్టిన ఏడాది గైడులో జవాబు బోర్డు మీద రాసి బట్టీ పట్టించాను. పరీక్షలో 40 మందీ ఒకే వాక్యం, ఒకే స్పెల్లింగు తప్పు. బోర్డు మీద అలా రాసింది నేనే.

మొదటిసారి కథను కథలాగే చదువు, పెన్సిలు ముట్టుకోకు. రెండోసారి మాత్రం, ఇది లేకపోయినా కథ నడిచేది కదా, మరి ఎందుకు పెట్టాడు అనిపించిన ప్రతిచోటా గీత గియ్యి. నగ పోయాక మొగుడూ పెళ్లాం ఖాళీ పెట్టె పట్టుకుని, దాని లోపల పేరున్న నగల వర్తకుడి దగ్గరికి వెళ్తారు, గుర్తుందా? అతను లెక్కల పుస్తకాలు తిరగేసి, నగ నేను అమ్మింది కాదమ్మా, పెట్టె మాత్రమే నాది అంటాడు. ఒక్క మాట. వాళ్లు టెన్షన్‌లో దాటేస్తారు, వాళ్లతోపాటు మనమూ దాటేస్తాం. కానీ ఒక షాపు పెట్టెలో ఎక్కడిదో నగ ఎందుకుంది? 1884లో వచ్చిన ఆ కథలో మొపాసా గుట్టు సగం అక్కడే విప్పేశాడు. వాళ్లకి అనుమానం రాలేదు, డబ్బున్నవాళ్ల ఇంట్లో గిల్టు ఉంటుందన్న ఊహే లేదు కాబట్టి. మహా అయితే 500 ఫ్రాంకులు చేసేదానికి బదులు 36,000 పోసి కొన్నారు. నీ జవాబు ఇక్కడ మొదలవ్వాలి.

ఇంకోటి, కథ చెప్పేవాడి మాట ఊరికే నమ్మెయ్యకు. ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా నవల 'ఛ మాణ ఆఠ గుంఠ' మొదటి పేజీలు తిరగెయ్యి, ఒడియా నీకు బాగానే వచ్చు కదా. అందులోని జమీందారు మంగరాజు ఏకాదశి నాడు తులసి, నీళ్లు తప్ప ముట్టడని తెగ పొగుడుతాడు కథకుడు. ఆ వెంటనే జగా అనే మంగలి నోరు జారిన సంగతి చెప్తాడు, ఆ రాత్రుళ్లు దొరగారి పడకగదిలో పెద్ద గిన్నెడు పాలు, అరటిపళ్లు పెడతారట, తెల్లారేసరికి గిన్నె ఖాళీ అట. దొంగభక్తి అన్న మాట ఎక్కడా వాడడు. మన వీధి అరుగుల మీద పెద్దాళ్లు పొగుడుతూనే పరువు తీస్తారు చూడు, అచ్చం అదే గొంతు. ఇంగ్లీషు కథలో అది వినిపిస్తే ఐరనీ అని రాయి, కానీ ఆ పదం రాసి ఊరుకోకు, ఏ మాటకి ఏ మాట అడ్డం తిరిగిందో చూపించు.

రాయడం పెద్ద పనేం కాదు. నీకు అనిపించింది ఒక వాక్యం, కథలోంచి నాలుగైదు పదాలు, ఆ తర్వాత "ఎందుకంటే". ఆ ఎందుకంటే పొడుగ్గా ఉండాలి, నీ పేపర్లో లేనిది అదే. 'ది ఆథర్ బ్యూటిఫుల్లీ' అని కనిపిస్తే కొట్టెయ్. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఉంటూ నోరు తిరగని మాటలెందుకురా?

చివర దురాశ దుఃఖానికి చేటు అని నీతి అంటించావు. నగ పోయిందని ఆ పూటే స్నేహితురాలికి చెప్పి ఉంటే ఆ 10 ఏళ్ల అంట్లు తోమడం ఉండేది కాదు కదా. చెప్పనివ్వనిది దురాశా, పరువా? నాకైతే పరువే అనిపిస్తుంది. నువ్వు కాదంటే కాదనే రాయి, కథలోంచి రుజువు చూపిస్తే చాలు.

ఆదివారంలోపు ఆ నగల షాపు సీను మీద ఒక్క పేరా పంపు, పది వాక్యాలు మించకుండా. ఫోటో వెలుతురులో తియ్యి, పోయినసారి సగం పేజీ మీద నీ చెయ్యి నీడే ఉంది.

మీ అత్త