మూడు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగట్లేదు.. టీ వల్లేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, మాది ఖమ్మం. హిమోగ్లోబిన్ 8.6 ఉందని ఐరన్ మాత్రలు రాశారు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర రెండూ టీతో వేసేసుకుంటా. మూడు నెలల తర్వాత టెస్ట్ చేయిస్తే 8.9. టీ మానేయమంటున్నారు. మరి తలసేమియా ఉన్న మా అక్క కొడుక్కేమో భోజనంతో పాటు టీ తాగితే మంచిదన్నారట. ఇదెలా సార్?

జవాబు: అమ్మా, మీకు చెప్పిందీ కరెక్టే, బాబుకి చెప్పిందీ కరెక్టే. టీలో వగరుగా తగిలేవి ఫినాల్ జాతి పదార్థాలు, వాటిల్లో పక్కపక్కనే రెండు మూడు ఓహెచ్ గ్రూపులు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) ఉంటాయి, అవి ఇనుము కనపడితే చాలు రెండు వైపులా గట్టిగా పట్టేసుకుంటాయి, ఇక ఆ ఇనుము పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లలేదు, మలంలో బయటికి పోతుంది. పాతకాలంలో కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి నల్ల సిరా చేసేవాళ్లు కదా, ఆ అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటే, చాలా ఐరన్ మాత్రల్లో ఉండే మందు అదే. కరక్కాయలోని ఫినాల్స్ ఇనుముని పట్టుకుంటేనే ఆ నలుపు వచ్చేది. మీ కడుపులో రోజూ పొద్దున జరుగుతున్నదీ ఇదే.

భోజనంతో టీ తాగించి చూసిన ఒక పరీక్షలో ఇనుము ఒంటికి పట్టడం 60 శాతం పైనే తగ్గింది, కాఫీతో 40 శాతం దాకా. పాలు ఎక్కువ పోసుకుంటే ఏం కాదులే అనుకోకండి, దానివల్ల పెద్ద తేడా ఉండదు. ఇంకో సంగతి, కాఫీ తినడానికి గంట ముందు తాగితే నష్టం కనపడలేదు గానీ తిన్న గంటకి తాగినా దెబ్బ పడింది, అందుకే మాత్ర వేసుకున్నాక కనీసం రెండు గంటలు టీ, కాఫీ ముట్టుకోవద్దంటాను. టీ పూర్తిగా మానేయక్కర్లేదమ్మా, టైమ్ మార్చుకుంటే చాలు.

థైరాయిడ్ మాత్ర సంగతి ఇంకా ముఖ్యం. అందులో ఉండేది థైరాక్సిన్. థైరాక్సిన్‌లోనూ ఫినాల్ భాగం ఉంది, అదీ ఐరన్‌తో అతుక్కుపోతుంది, అంటే మీకు రెండు మందులూ సరిగ్గా పనిచేయట్లేదన్నమాట. థైరాయిడ్ మాత్ర లేవగానే పరగడుపున నీళ్లతో వేసుకోండి, అరగంట నుంచి గంట ఆగి టీ తాగండి, ఐరన్ మాత్ర దానికి కనీసం నాలుగు గంటల దూరంలో, అంటే మధ్యాహ్నమో సాయంత్రమో నిమ్మరసంతో వేసుకోండి. కాల్షియం మాత్రలుంటే వాటినీ ఐరన్‌తో కలపొద్దు. గర్భిణులకి బీపీకి ఇచ్చే మిథైల్‌డోపా, పార్కిన్సన్స్ వాళ్ల లెవోడోపా, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఐరన్‌తో ఇలాగే చిక్కుకుపోతాయి, ఇంట్లో ఎవరైనా వాడుతుంటే వాళ్ల డాక్టర్‌కి చెప్పండి.

ఇక బాబు సంగతి. తలసేమియాలో ఒంట్లో రక్తం సరిగ్గా తయారవదు, అందుకే బయటి నుంచి తరచూ ఎక్కించాలి. ఎక్కించే ఒక్కో బ్యాగ్ రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, మన ఒళ్లేమో రోజుకి 1, 2 మిల్లీగ్రాములకి మించి బయటికి పంపలేదు, మిగిలిందంతా గుండెలో, లివర్‌లో, గ్రంథుల్లో పేరుకుపోతుంది. అది తీయడానికి ఇచ్చే డెఫెరాసిరాక్స్ మాత్రలోనూ ఫినాలే పనిచేస్తుంది, ఒక్కో అణువులో రెండు ఫినాల్ చేతులు, ఒక నైట్రోజన్, ఇలాంటివి రెండు కలిసి ఒక ఇనుము పరమాణువుని చుట్టేసి ఎక్కువ భాగం మలం ద్వారా బయటికి లాగేస్తాయి. అమెరికాలో 2005లో దీనికి అనుమతి వచ్చింది, అంతకుముందు చాలామంది పిల్లలకి రాత్రంతా పొట్ట చర్మం కింద సూది పెట్టి పంపుతో మందు ఎక్కించేవాళ్లు, ఆ తల్లుల కష్టం చెప్పలేం.

కాబట్టి దయచేసి మీ అక్కకి గట్టిగా చెప్పండి, టీ ఆపేది తిండిలోని ఇనుముని మాత్రమే, రక్తంతో వచ్చేదాన్ని కాదు. టీ తాగుతున్నాడు కదా అని మాత్ర ఒక్కరోజు కూడా ఆపొద్దు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్షలు నెలనెలా, కళ్లు, చెవుల చెకప్ ఏడాదికోసారి తప్పకుండా చేయించాలి. ఒంట్లో లోహాలు కడిగేస్తామని ఆన్‌లైన్‌లో అమ్మే డీటాక్స్ పొడులు ఇద్దరూ కొనొద్దు.

మీరు ఇలా టైమ్ మార్చి నెల రోజులు వాడి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపే పరీక్ష), థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చేయించండి. టీఎస్‌హెచ్ మారితే థైరాయిడ్ డోసు మీ డాక్టర్ సరిచేస్తారు. అప్పటికీ హిమోగ్లోబిన్ కనీసం ఒక పాయింట్ పెరగకపోతే రక్తం ఎక్కడో పోతోందేమో చూడాలి, పీరియడ్స్‌లో బ్లీడింగ్ ఎక్కువుంటే మాత్రం నెల ఆగకుండా ఇప్పుడే గైనకాలజిస్ట్‌ని కలవండి.