ఇల్లటం అల్లుడికి ఎవరి ఇంటిపేరు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా జేజినాయన ఇల్లటం వచ్చినాయన. భూములన్నీ జేజివే, కానీ మాకందరికీ జేజినాయన ఇంటిపేరే వచ్చింది, జేజి వాళ్ల ఇంటిపేరు ఊళ్లో లేకుండా పోయింది. స్కాట్లండ్ పెద్దిళ్లలో ఆడపిల్లకే బిరుదు వచ్చేదని చదివాను. అక్కడ అల్లుడు ఎవరి పేరు పెట్టుకునేవాడు?
– ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: పెద్ద ఆస్తులున్నచోట భార్య ఇంటిపేరే పెట్టుకునేవాడమ్మా. అక్కడ చాలా బిరుదులు కొడుకులు లేకపోతే కూతురికి దక్కేవి. అలాంటి పిల్లను చేసుకోవాలంటే ఆమె ఇంటిపేరు, వంశచిహ్నం తీసుకోవాలని ముందే కాగితం మీద రాయించుకునేవారు.

బక్లూ జమీనే చూడండి. వీళ్ల ఇంటిపేరు స్కాట్. 1651లో తండ్రి చనిపోతే ఆస్తి, బిరుదు నాలుగేళ్ల మేరీకి వచ్చాయి. ఆస్తి బయటివాళ్ల పాలు కాకూడదని 1659లో, ఆడపిల్లకు చట్టం పెట్టిన పెళ్లివయసు 12 కూడా నిండకముందే, స్కాట్ ఇంటిపేరే ఉన్న 14 ఏళ్ల వాల్టర్‌కిచ్చి చేశారు. ఆ పిల్ల 13 ఏళ్లకే కన్నుమూసింది. భూమి కోసం పసిపిల్లల మెడకు పెళ్లి కట్టడం ఏ దేశంలో జరిగినా అన్యాయమే, రాజవంశాల కథ కదా అని ముచ్చటగా చెప్పుకోవడం నాకు చేతకాదు.

తర్వాత చెల్లెలు ఆనా వంతు. 1663లో ఆమెకు 12, పెళ్లికొడుక్కి 14. అతను రెండో చార్లెస్ రాజుకు పెళ్లికాకుండా పుట్టిన కొడుకు, మాన్‌మౌత్ డ్యూక్. రాజుగారి కొడుకైనా సరే స్కాట్ అని ఇంటిపేరు మార్చుకున్నాడు! పెళ్లిరోజే ఇద్దరికీ బక్లూ డ్యూక్, డచెస్ బిరుదులిచ్చారు, అందులో ఆమెది భర్త వల్ల వచ్చింది కాదు, సొంత హక్కు. అదే ఆమెను కాపాడింది. 1685లో అతను చిన్నాన్న రెండో జేమ్స్ మీద తిరగబడి, సెడ్జ్‌మూర్‌లో ఓడిపోయి, తల తీయించుకున్నాడు, అతని ఇంగ్లండ్ బిరుదులు పోయాయి. ఆనా బిరుదు మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె 1732 వరకూ బతికింది, ఆ తర్వాత మనవడు రెండో డ్యూక్ అయ్యాడు. అంటే మీ జేజి ఇంట జరగనిది అక్కడ జరిగింది, పేరు కూడా ఆడపిల్ల వైపే నిలిచింది.

హామిల్టన్ డచెస్ ఆన్‌దీ ఇదే దారి. 1656లో ఆమెను చేసుకున్న విలియం డగ్లస్‌కు 1660లో డ్యూక్ బిరుదిచ్చారు, అదీ అతను బతికున్నంత కాలానికే.

ప్రశ్న: స్కాట్లండ్ రాణి మేరీ మేనరికం చేసుకుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిజమే. రెండో భర్త డార్న్‌లీ ఆమెకు మేనత్త కొడుకే అవుతాడు. మేరీ తండ్రి ఐదో జేమ్స్, డార్న్‌లీ తల్లి మార్గరెట్ డగ్లస్ ఒక తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. ఆ తల్లి ఇంగ్లండ్ రాజు ఏడో హెన్రీ కూతురు మార్గరెట్ ట్యూడర్. ఇంత దగ్గరి సంబంధానికి కేథలిక్కులకు పోప్ అనుమతి కావాలి, అది చేతికి అందకముందే 1565 జులై 29న పెళ్లి చేసేసుకున్నారు. ఇద్దరికీ ఇంగ్లండ్ సింహాసనం మీద హక్కుందని ఎలిజబెత్ రాణికి ఒకటే టెన్షన్. చివరికి 1603లో ఆ సింహాసనం ఎక్కింది వీళ్ల కొడుకే.