కిడ్నీలో రాళ్లు: పెరుగు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 37. రెండేళ్ల క్రితం కిడ్నీలో రాయిని లేజర్‌తో తీశారు. కాల్షియం ఆక్సలేట్ అని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు స్కానింగ్‌లో మళ్లీ 4 మి.మీ. రాయి కనిపించింది. నీళ్లు బాగానే తాగుతాను. కాల్షియం రాయి కాబట్టి పాలు, పెరుగు మానేయమంటున్నారు. మానేయాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మానేయకండి. ఆకుకూరల్లో, గింజల్లో ఉండే ఆక్సలేట్‌ను పెరుగులోని కాల్షియం పేగులోనే పట్టుకుని మలంతో పంపించేస్తుంది. ఆ కాల్షియం అందకపోతే ఆక్సలేట్ రక్తంలో కలిసి మూత్రంలోకి దిగుతుంది. అందుకే పాలకూర పప్పు తిన్న పూట పెరుగన్నం తప్పనిసరి. ఇటలీలో ఐదేళ్లపాటు గమనించి 2002లో వెలువరించిన అధ్యయనంలో, కాల్షియం తగ్గించినవారితో పోలిస్తే, కాల్షియం మామూలుగా తీసుకుంటూ ఉప్పు, మాంసం తగ్గించినవారిలో రాళ్లు మళ్లీ రావడం దాదాపు సగానికి తగ్గింది.

మూత్రం కరిగించుకోగలిగిన దానికంటే ఎక్కువ కాల్షియం, ఆక్సలేట్ అందులో చేరినా వెంటనే రాయి కట్టదు. అణువులు చిన్న గుంపుగా చేరతాయి, మళ్లీ విడిపోతాయి. ఒక పరిమాణం దాటిన గుంపే స్ఫటికంగా నిలుస్తుంది. పట్టుకోవడానికి ఆధారం దొరికితే ఆ పని చాలా తేలిక. చక్కెర పాకంలో పటికబెల్లం దారాన్ని పట్టుకునే పెరుగుతుంది కదా! కిడ్నీలో ఆ ఆధారం మూత్రం దిగే కొనల దగ్గర పేరుకున్న కాల్షియం ఫాస్ఫేట్ మచ్చ కావచ్చు, లేజర్ తర్వాత మిగిలిపోయిన ఇసుక రేణువంత ముక్కైనా కావచ్చు.

అలాంటి ఆధారం ఉన్నచోట మూత్రం కాస్త చిక్కబడినా రాయి పెరుగుతుంది, అందుకే మూత్రం ఎప్పుడూ పల్చగా ఉండాలి. కాబట్టి మీరు కొలవాల్సింది తాగిన నీళ్లు కాదు, పోసిన మూత్రం. సెలవు రోజు ఉదయం మొదటి మూత్రం వదిలేసి, అప్పటి నుంచి మర్నాడు ఉదయం మొదటి మూత్రం దాకా అంతా కొలతలున్న సీసాలో పట్టండి. రెండున్నర లీటర్లకు తగ్గితే తాగుతున్న నీళ్లు చాలడం లేదన్నమాట. గుంటూరు ఎండల్లో చాలా నీళ్లు చెమటకే పోతాయి. రాత్రి మూత్రం చిక్కబడుతుంది, పడుకునే ముందు ఒక గ్లాసు తాగండి.

రోజూ రెండు నిమ్మకాయల రసం నీళ్లలో కలుపుకోండి. అందులోని సిట్రేట్ కాల్షియాన్ని పట్టి ఉంచి స్ఫటికాన్ని ఎదగనివ్వదు. ఉప్పు మాత్రం వేయకండి. సోడియం మూత్రంలోకి పోతూ కాల్షియాన్ని కూడా వెంట తీసుకెళుతుంది. పచ్చళ్లు, అప్పడాలతో కలిపి ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. విటమిన్ సి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, అది శరీరంలో ఆక్సలేట్‌గా మారుతుంది. టమాటాల్లో ఆక్సలేట్ తక్కువే, నిశ్చింతగా తినండి.

రాయి రెండోసారి వచ్చింది కాబట్టి 24 గంటల మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, యూరిక్ యాసిడ్, రక్తంలో కాల్షియం పరీక్షలు చేయించండి. సిట్రేట్ తక్కువుంటే పొటాషియం సిట్రేట్ మందు అవసరమవుతుంది, దాన్ని డాక్టరే మోతాదు చూసి రాయాలి. 4 మి.మీ. రాయి చాలామందిలో తనంతట తానే పడిపోతుంది. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.