మా అమ్మాయి మట్టి కట్టల భద్రత చదువుతానంటోంది. భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది అంబాజీపేట, కొబ్బరి రైతులం. అమ్మాయి కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. తోటివాళ్లంతా కోడింగ్ నేర్చుకుంటుంటే, తను మాత్రం మట్టి డ్యామ్‌ల భద్రత మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. వరద ఆపడానికి అమెరికాలో కట్టిన ఒక మట్టి డ్యామ్‌కి 'హై హజార్డ్' రేటింగు ఉందని చూపించింది. అంత ప్రమాదమైన చోట ఉద్యోగమేమిటని మాకు భయంగా ఉంది. ఈ దారిలో పంపవచ్చా?

జవాబు: ముందు ఆ రేటింగు సంగతి తేల్చుకుందాం, మీ భయమంతా అక్కడే ఉంది. అమెరికాలో డ్యామ్‌కి రెండు వేర్వేరు గ్రేడులు ఇస్తారు. 'హై హజార్డ్' అన్నది కట్ట బాగుందో లేదో చెప్పదు. అది తెగితే దిగువన ప్రాణనష్టం జరగవచ్చని మాత్రమే చెబుతుంది. నిన్నగాక మొన్న కట్టి, ఒక్క లోపమూ లేకపోయినా, కింద ఊరుంటే అది హై హజార్డే. కట్ట ఆరోగ్యం చెప్పేది కండిషన్ గ్రేడు: సంతృప్తికరం, ఫర్వాలేదు, బాగాలేదు, అసంతృప్తికరం. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి.

హ్యూస్టన్ దగ్గర ఆడిక్స్, బార్కర్ అని రెండు మట్టి డ్యామ్‌లున్నాయి. 1940లలో వరద నియంత్రణకే కట్టారు, మామూలు రోజుల్లో వాటిలో నీళ్లుండవు. వాటిని చూసుకునే అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం, పై రెండు గ్రేడులు కాక తన సొంత వర్గీకరణలో, 2009లో వాటిని అత్యవసరంగా చూడాల్సిన మొదటి తరగతిలో పెట్టింది. నీళ్లు వదిలే తూముల చుట్టూ ఊట ఒక కారణం, దిగువన మహానగరం పెరిగిపోవడం మరో కారణం. అయినా 2017లో హార్వీ తుపాను వరదకు అవి తెగలేదు. అలాంటి రేటింగు ఇస్తున్నది రేపే కూలుతుందని కాదు, మరమ్మతుకు ముందు డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి.

మన దగ్గర తనిఖీ చేశాక డ్యామ్‌లను మూడు తరగతులుగా విడదీస్తారు. కూలిపోవడానికి దారితీసే లోపాలుంటే మొదటిది, వెంటనే సరిచేయాల్సిన పెద్ద లోపాలుంటే రెండోది, ఆ ఏడాదిలో సరిచేయగల చిన్న లోపాలుంటే మూడోది. ఏ కట్ట ఏ తరగతిలోకి వస్తుందో చెప్పాలంటే దాని మీద నడిచి చూసిన ఇంజనీరు కావాలి. మీ అమ్మాయి వెళ్తానంటున్నది ఆ పనికే.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. మట్టి కట్టలో ఊట ఉండటం తప్పు కాదు, అన్ని మట్టి కట్టలూ కొంత ఊరతాయి. ఆ నీరు తేటగా వస్తోందా, మట్టి మోసుకొస్తోందా అన్నదే అసలు ప్రశ్న. బురద రంగు తిరిగిందంటే లోపల సన్నగా సొరంగం పడుతోందని అర్థం. అందుకే కట్ట పాదం దగ్గర కాలువలో వి ఆకారపు గాడి ఉన్న పలక బిగించి, రోజూ మట్టం రాస్తారు. తొంభై డిగ్రీల గాడిలో నీరు 10 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు సుమారు 4.4 లీటర్లు. అదే 12 సెంటీమీటర్లకు పెరిగితే దాదాపు 6.9 లీటర్లు. చూసేవాడికి అది రెండు సెంటీమీటర్ల తేడానే, కానీ ఊట సగానికి పైగా పెరిగిపోయింది. జలాశయం మట్టం పెరగకుండా ఊట ఒక్కటే పెరిగితే, ఆ రాత్రే పై అధికారికి ఫోన్ చేయాలి.

కట్ట పాదం దాటాక నేలలోంచి ఇసుకతో నీరు బుగ్గలా పొంగితే చాలామంది దాన్ని బస్తాలతో మూసేయాలని చూస్తారు. అది తప్పు, మూస్తే నీరు ఇంకోచోట పొడుచుకొస్తుంది. బుగ్గ చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీటి మట్టాన్ని లేపాలి. ఇసుక రావడం ఆగేంత ఎత్తు చాలు, తేట నీరు మాత్రం పారుతూనే ఉండాలి.

మట్టి కట్టకు కాంక్రీటు తగిలే చోటును అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాలి. తూము గోడ పక్కన పెద్ద రోలరు తిరగదు, అక్కడ మట్టి సరిగా దిమ్మిసా పడదు, నీరు ఆ సందునే వెతుక్కుంటుంది. ఇది మీ ఊరి ఏటిగట్టుకీ వర్తిస్తుంది. మురుగు కాలువ స్లూయిజులు, గట్టు కోసి వేసిన పైపులు, ట్రాక్టర్లు దిగే ర్యాంపులు, ఎలుక కన్నాలు, ఎండిన చెట్ల వేళ్లు, అన్నీ ఇలాంటి సందులే. గట్టు మీంచి నీరు పొర్లిందంటే మట్టి ఇంక నిలబడదు. 2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట చెయ్యేరు వరదకు కొట్టుకుపోయింది. వరద తీసేటప్పుడూ ఏమరకూడదు. ఏరు వేగంగా దిగిపోతే గట్టులో నానిన నీరు అంత త్వరగా బయటికి రాలేదు, ఆ బరువుకు ఏటివైపు వాలు జారుతుంది. జనం ఊపిరి పీల్చుకునే వేళకు ఇంజనీరు గట్టు మీదే ఉండాలి.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి తెలిసి ఉండాలి. 2021 డ్యామ్ భద్రత చట్టం బ్యారేజీలను డ్యామ్ నిర్వచనంలో చేర్చింది, వరద గట్లను మినహాయించింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఎగరేస్తారు. 1986లో అక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పారింది. ఆ వరదను పట్టే గట్లకు ఆ చట్టం కింద తరగతులుండవు. డెల్టాలో పుట్టిన పిల్ల ఈ విషయం మీద ప్రాజెక్టు చేస్తే, నగరంలో పెరిగినవాళ్లకు కనపడనివి చాలా కనపడతాయి.

ఉద్యోగాల మాట. ఈ చట్టం ప్రకారం 15 మీటర్ల ఎత్తుకు మించిన ప్రతి డ్యామ్‌కీ, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి కొన్ని షరతులకు లోబడే వాటికీ, యజమాని తగిన ఇంజనీర్లతో భద్రతా విభాగం పెట్టాలి, వర్షాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలి, అత్యవసర ప్రణాళిక సిద్ధం చేయాలి. దేశంలో పెద్ద డ్యామ్‌లు ఐదు వేలకు పైనే, వాటిలో ఎక్కువ మట్టివే. ఆ పని తగ్గేది కాదు.

దారులు మూడు. ఏపీపీఎస్సీ ద్వారా జలవనరుల శాఖలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు). నోటిఫికేషన్లు ఏటా రావు, దాని కోసమే ఖాళీగా కూర్చోవద్దు. రెండోది యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ ద్వారా కేంద్ర జలసంఘం, సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు. మూడోది గేట్ (ఎంటెక్ ప్రవేశానికి జాతీయ పరీక్ష) రాసి ఎంటెక్. మూడో ఏడాది నుంచే రాయవచ్చు కాబట్టి మీ అమ్మాయి వచ్చే ఫిబ్రవరికే ప్రయత్నించవచ్చు. రూర్కీ ఐఐటీలో డ్యామ్ భద్రత, పునరుద్ధరణ పేరుతోనే ఎంటెక్ ఉంది. గేట్‌తో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. జియోటెక్నికల్ (నేల, పునాదుల ఇంజనీరింగ్) లేదా హైడ్రాలజీలో (వాన, నదీ ప్రవాహాల అధ్యయనం) ఎంటెక్ చేసినా ఈ రంగంలోకి రావచ్చు. నా సలహా: గేట్‌కి గట్టిగా చదవండి, అదే సిలబస్ మిగతా రెండు పరీక్షలకూ చాలావరకు పనికొస్తుంది. ప్రైవేటు కన్సల్టెన్సీల్లో మొదటి రెండేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే. ఆ తేడా ఇంట్లో అందరూ ముందే ఒప్పుకోవాలి. జూలై నుంచి అక్టోబరు దాకా సెలవుల మీద ఆశ వద్దు, బదిలీలు కూడా ఉంటాయి.

కోడింగ్ నేర్చుకోవడం వృథా కాదని అమ్మాయికీ చెప్పండి. కట్ట తెగితే ఏ ఊళ్లోకి ఎన్ని గంటల్లో నీరు వస్తుందో లెక్కగట్టే హెక్-రాస్, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ రెండూ ఉచితం. వాటి లెక్కలు పైథాన్‌తో నడపగలిగినవాళ్లకు ఇంటర్వ్యూలో విలువ ఎక్కువ.

ఈ వేసవిలో చేయదగ్గ ప్రాజెక్టు ఒకటి. ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసులో కాలేజీ లెటరు చూపించి, అనుమతి తీసుకుని, మీకు దగ్గరలో రెండు కిలోమీటర్ల ఏటిగట్టు ఎంచుకోమనండి. ప్రతి 50 మీటర్లకు పై వెడల్పు, రెండు వైపుల వాలు టేపుతో, మట్టం కర్రతో కొలవాలి. కన్నాలు, పైపులు, ర్యాంపులు, కుంగిన చోట్లు ఫోను జీపీఎస్‌తో గుర్తించాలి. సెక్షన్ వాళ్లు ఒప్పుకుంటే మూడు చోట్ల మట్టి తీసి, కాలేజీ ల్యాబులో ప్రాక్టర్ పరీక్ష (మట్టి ఎంత గట్టిగా దిమ్మిసా పడుతుందో చెప్పేది), ద్రవ, ప్లాస్టిక్ పరిమితుల పరీక్షలు (ఎంత తేమకు మట్టి ముద్దలా మెత్తబడుతుందో, ఎంత తేమకు జారిపోతుందో చెప్పేవి) చేయించాలి. కొలతలు ఎండల్లోనే పూర్తవ్వాలి. అవే గుర్తుల దగ్గరికి వరద తీశాక మళ్లీ వెళ్లాలి, అయితే సెక్షన్ సిబ్బంది వెంట లేకుండా ఒంటరిగా మాత్రం పంపకండి.