కోతలకు కుర్రాళ్ళు రాకపోవడానికి బద్ధకమే కారణమా?

పదిహేను, పదహారేళ్ళ పిల్లలు ఇప్పుడు సీజన్ పనులకు, ముఖ్యంగా కోతలకు, ఎందుకు రావడం లేదని అడిగారు; ఒళ్ళు వంచలేకే రావడం లేదని ప్రశ్నలోనే సగం తీర్పు కూడా ఇచ్చేశారు. ఆ వయసులో రెండు సీజన్లు మిరప కోతకు వెళ్ళినవాడిగా, ఇప్పుడు సొంత చేనికి కూలీలను పిలుచుకునేవాడిగా నేను ఆ తీర్పును ఒప్పుకోలేను.

నేనేమీ కష్టం మీద ఇష్టంతో వెళ్ళలేదు. నా ఈడువాళ్ళు అయిదుగురు వెళ్తున్నారు, వెంటబెట్టుకుని తీసుకెళ్ళే పెద్దావిడ ఒకరున్నారు, చేను నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది, పరీక్షలు ముగిసే వేళకు చివరి కోతలు నడుస్తున్నాయి. పండిన కాయను తొడిమతో సహా తెంపాలని, తొడిమ ఊడిన కాయ త్వరగా పాడవుతుందని మొదటి గంటలోనే చెప్పారు. మధ్యాహ్నానికి గోళ్ళ మొదళ్ళు మండసాగాయి. చెమట తుడుచుకోబోయి కంటికి చేయి తగిలించుకుని అరగంట సేపు గట్టు మీదే కూర్చుండిపోయాను. సాయంత్రం కాటా దగ్గర ఆవిడ కోసినది నేను కోసినదానికి మూడింతలు తూగింది. ఆవిడ నవ్వలేదు సరికదా, మరునాడు తన పక్క సాలే నాకిచ్చి, కొమ్మ విరగకుండా రెండు చేతులా కోయడం నేర్పారు. ఆ పక్క సాలే లేకపోతే నేను రెండో రోజు వెళ్ళేవాణ్ణి కాదు.

ఇప్పుడు లేనిది అదే. మేస్త్రి ముఠాతో వస్తాడు, కోత మొత్తం గుత్తకు మాట్లాడుకుంటాడు, ఇక్కడ ముగించి ఇంకో చేనికి వెళ్తాడు. రెండు వారాల సెలవులకు వచ్చి, అందులో వారం నేర్చుకోవడానికే తీసుకునే కుర్రాడికి ఆ లెక్కలో చోటు లేదు. పైగా పెద్ద తరగతుల పిల్లలకు ఆ రెండు వారాలైనా ఖాళీగా దొరకడం లేదు. ఒక పరీక్ష ముగియకముందే మరో పరీక్షకు శిక్షణ మొదలవుతోంది.

పిల్లల చేతికి తగ్గ పనులను యంత్రాలు చాలావరకు తీసుకున్నాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బంగాళాదుంపలు ఏరడానికి బడులకే సెలవులిచ్చే ఆనవాయితీ ఉంది. తవ్వి ఎత్తే యంత్రాలు వచ్చాక అది కొన్ని బడులకే పరిమితమైంది. విత్తనపు మొక్కజొన్నలో మగ పూత తీసేయడం ఆ దేశంలోనే మొక్కజొన్న పండే రాష్ట్రాల్లో వేసవిలో బడిపిల్లల పని. ఇప్పుడు అందులో ఎక్కువ భాగం యంత్రాలే చేస్తున్నాయి, అవి వదిలేసిన మొక్కలే మనుషులకు మిగులుతున్నాయి. చట్టం సంగతి వేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 ఒప్పందం పనికి కనీస వయసు సాధారణంగా 15 ఏళ్ళని, ప్రమాదకరమైన పనులకు 18 ఏళ్ళని పెట్టింది. మందు కొట్టిన చేలో పదిహేనేళ్ళవాణ్ణి దించడానికి జంకే రైతును నేను తప్పుపట్టను.

ఈ ఫిర్యాదు కొత్తదీ కాదు. మెక్సికో నుంచి కూలీలను రప్పించే ఏర్పాటు 1964 చివర ఆగిపోయాక, మరుసటి వేసవిలో అమెరికా కార్మిక శాఖ హైస్కూలు క్రీడాకారులను 20,000 మందిని చేలకు పంపాలనుకుంది. చివరికి పనిలోకి దిగినవాళ్ళు అందులో చిన్న వంతే. వాళ్ళలోనూ కొందరు ఎండకూ వసతికీ తట్టుకోలేక మధ్యలోనే తిరిగి వెళ్ళారు, ఆ పథకం మళ్ళీ నడవలేదు. ఒంట్లో సత్తువకు కొదవలేని ఆటగాళ్ళ సంగతే అలా ఉంటే, సత్తువ ఒక్కటే సరిపోదని అర్థమవుతుంది.

మూడేళ్ళ కిందట తెలిసినవారి అబ్బాయి, ఇంటర్ చదువుతున్నవాడు, కోతకు వస్తానని నన్ను అడిగాడు. ముఠా లెక్క చెడుతుందని మేస్త్రి అనడంతో నేనే వద్దన్నాను. ఆ వేసవంతా అతను ఒక బట్టల దుకాణంలో రోజుకు పది గంటలు నిలబడి పనిచేశాడు.