మన చెలకలో మన డీజిల్ ట్యాంకు పెట్టుకుంటే తప్పేంటి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. నాన్న పేరు మీద రోడ్డు పక్కన మూడెకరాల చెలక ఉంది, పదేళ్లుగా బీడుగానే ఉంది. లోపలంతా సర్కారు తుమ్మ, నాలుగు వేపలు, రెండు చింతలు, గట్టు మీద తాటిచెట్లు. వెనక వైపు ఫారెస్టు వాళ్ల కందకం. నాకు ఒక జేసీబీ, రెండు ట్రాక్టర్లు, ఒక వరికోత మిషన్ ఉన్నాయి, కిరాయికి తిప్పుతాను. బంకు 14 కిలోమీటర్ల దూరం. చెలక సాఫు చేసి, బండ్లకు షెడ్డు వేసి, 5000 లీటర్ల పాత ట్యాంకు ఒకటి అమ్మకానికి ఉంటే కొని డీజిల్ నిల్వ పెట్టుకోవాలని ఉంది. మిగిలితే ఊళ్లో ట్రాక్టర్ల వాళ్లకు లీటరుకు రెండు రూపాయలు వేసుకుని ఇస్తాను. మా బాబాయి "మన పట్టా భూమిలో మనల్ని అడిగేదెవడు" అంటున్నాడు. లైసెన్సులు కావాలా?

జవాబు: ఆ ట్యాంకుకు అడ్వాన్సు ఇచ్చారా? ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చి ఉంటే ఎంత తిరిగొస్తే అంత తెచ్చుకోండి. మీరు చెప్పిన వాటిలో చెలక సాఫు చేయడం, షెడ్డు, దానికి కావలసిన నాలా (వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చుకునే అనుమతి) అన్నీ కాస్త తిరిగితే అయిపోయే పనులే, మెడకు చుట్టుకునేది ఆ ట్యాంకూ, ఆ రెండు రూపాయలూ. అందుకే డీజిల్ సంగతి ముందు చెప్తాను.

మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది 1934 నాటి పెట్రోలియం చట్టం. ఎంత వేడి దగ్గర ఆవిరి మంట అందుకుంటుందో చూసి ఇంధనాలను అది తరగతులు చేసింది. 23 డిగ్రీల లోపే అందుకునే పెట్రోలు 'ఏ' తరగతి. 23 నుంచి 65 డిగ్రీల మధ్య ఉండే డీజిల్, కిరసనాయిలు 'బి' తరగతి. ఈ 'బి' తరగతికి సెక్షన్ 7లో మంచి వెసులుబాటు ఉంది: ఒకచోట మీ దగ్గరున్న మొత్తం 2500 లీటర్లు దాటకూడదు, అందులో ఏ ఒక్క పాత్రా 1000 లీటర్ల కంటే పెద్దది కాకూడదు, అలా ఉంటే నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. రెండు షరతులూ కలిసే ఉండాలి. జనం మొదటిది చెవిన వేసుకుని రెండోది వదిలేస్తారు, ఇబ్బంది అక్కడే వస్తుంది.

"5000 లీటర్ల ట్యాంకే సార్, కానీ రెండు వేలే పోస్తా" అని మీరు అడగబోతున్నారని తెలుసు. కుదరదు. చట్టం చూసేది ఆ పాత్రలో ఎంత పడుతుంది అని, లోపల ఎంత ఉంది అని కాదు. అందులో ఒక్క బకెట్ డీజిల్ పోసినా లైసెన్సు లేని నిల్వే. అదే 200 లీటర్ల ఇనుప డ్రమ్ములు పన్నెండు పెట్టుకోండి, 2400 లీటర్లు, లైసెన్సు ఊసే లేదు. సీజన్లో మీ బండ్లన్నీ కలిసి రోజుకు 200 లీటర్లు తాగినా పన్నెండు రోజులకు సరిపోతుంది, అంతకంటే నిల్వ దేనికండీ? బాబాయి పేరు మీద ఇంకో పన్నెండు డ్రమ్ములు పక్కనే పెడదాం అనే తెలివి మాత్రం వద్దు. ఒకే షెడ్డు, ఒకే తాళం, ఒకే బండ్లు అయినప్పుడు ఆ డీజిలంతా ఎవరి స్వాధీనంలో ఉందో తేల్చుకోవడానికి అధికారికి పెద్దగా కష్టం ఉండదు.

కాదు, ట్యాంకే కావాలంటే పెసో లైసెన్సుకు వెళ్లాలి. పేలుడు పదార్థాలు, పెట్రోలియం భద్రత చూసే కేంద్ర సంస్థ అది, ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో, మనకు హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. ప్లాన్లు గీయించాలి, చుట్టూ ఖాళీ దూరాలు వదలాలి, వాళ్లు చెప్పినట్టు ట్యాంకు ఉండాలి. పెద్ద క్రషర్ వాళ్లకు అది గిట్టుబాటు అవుతుందేమో గానీ నాలుగు బండ్లకు కాదు, ఇది నా అభిప్రాయం.

లైసెన్సు అక్కర్లేదంటే జాగ్రత్త కూడా అక్కర్లేదని కాదు. డ్రమ్ములున్న చోట వెల్డింగ్ పెట్టకండి (ప్రతి షెడ్డులోనూ అదే మూల వెల్డింగ్ మిషన్ కూడా ఉంటుంది, ఎందుకో నాకు అర్థం కాదు), ప్లాస్టిక్ డబ్బాల్లో పోసుకోకండి, ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండర్ పెట్టండి. అజాగ్రత్తతో మంట లేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 కింద ఆరు నెలల దాకా శిక్ష ఉంది, పక్క చేను కాలితే ఆ నష్టం వేరే కట్టాలి. రంపం మిషన్ కోసం పెట్రోలు కూడా ఉంచుకుంటారేమో, అమ్మకానికి కాకపోతే 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా పెట్టుకోవచ్చు, అది కూడా గట్టి మూత ఉన్న పాత్రల్లోనే.

ఇక ఆ రెండు రూపాయల సంగతి. డ్రమ్ములైనా, ట్యాంకైనా, లీటరు డీజిల్ ఇంకొకరికి అమ్మారంటే కేసు రూపమే మారిపోతుంది. పెట్రోలు, డీజిల్ అమ్మకాల మీద 2005 నాటి కేంద్ర ఉత్తర్వు ఉంది, అది నిత్యావసర వస్తువుల చట్టం కింద వచ్చింది. ఆయిల్ కంపెనీ నియమించిన డీలర్ కానివాళ్లు అమ్మకూడదు. ఆ చట్టం సెక్షన్ 7లో శిక్ష మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా ఉంది, సరుకూ జప్తు అవుతుంది. "కొన్న రేటుకే ఇచ్చాను, లాభం లేదు" అన్నా అమ్మకం అమ్మకమే. మీ మిషన్‌ను మీ డీజిల్‌తో కిరాయికి పంపి కిరాయిలో కలుపుకోవడం వేరు, పక్కవాడి ట్రాక్టర్‌లో పోసి డబ్బులు తీసుకోవడం వేరు. ఊళ్లో వాళ్లకు నిజంగా అవసరముంటే ఆయిల్ కంపెనీల అనుమతితో ఇంటి దగ్గరికే డీజిల్ తెచ్చే బండ్లు ఉన్నాయి, నలుగురు కలిసి పిలిపించుకోండి. మీరు తెచ్చిన ప్రతి డ్రమ్ముకూ బంకు బిల్లు దాచుకోండి, ఎవరైనా తనిఖీకి వస్తే ముందు అడిగేది అదే.

ఇప్పుడు చెలక. మీ ప్రశ్నలో నాకు భయం వేసిన మాట 'వెనక కందకం'. పట్టాలో మూడెకరాలే ఉంటుంది, భూమ్మీద మూడెకరాల నాలుగు గుంటలు కనపడుతుంది, ఆ నాలుగు గుంటలు రిజర్వు ఫారెస్టువి అయితే? తెలంగాణ అటవీ చట్టం సెక్షన్ 44 ప్రకారం నేరానికి వాడిన వాహనాన్ని పట్టుకుని స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకు ఉంది. మీ జేసీబీ ఫైనాన్స్‌లో ఉందనుకోండి, బండి ఫారెస్టు ఆఫీసు ముందు ఎండకు ఎండుతుంటే మీరు నెలనెలా కిస్తీ కడుతుంటారు. అందుకే బ్లేడు దించే ముందు సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి, వీలైతే ఫారెస్టు బీట్ ఆఫీసర్‌ను కూడా ఆ రోజు పిలవండి. బాబాయి మాట ఎంతవరకు నిజమో ఆ సర్వే గొలుసు చెప్తుంది.

సర్కారు తుమ్మ పీకితే సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. వేప, చింత అలా కాదు, పట్టా భూమిలో ఉన్నా 2002 వాల్టా చట్టం (నీరు, నేల, చెట్ల రక్షణ చట్టం) కింద ముందు అనుమతి తీసుకోవాలి, అటవీ శాఖ వాళ్లే చూస్తారు, కొట్టిన వాటికి బదులు మొక్కలు నాటాలి. తాటిచెట్లు ఇంకో శాఖ. తాడి, ఈత చెట్లు ఎక్సైజ్ చట్టం కిందికి వస్తాయి, వాటిని కొట్టాలంటే ఎక్సైజ్ వాళ్ల అనుమతి కావాలి. పైగా ఊళ్లో గీత కార్మికులు ఆ చెట్లు గీస్తుంటే గొడవ ఆఫీసు దాకా వెళ్లదు, పొద్దున్నే మీ ఇంటి ముందుకే వస్తుంది. ఎలాగూ గట్టు మీదే ఉన్నాయి కదా, వదిలేయండి. చింతలు కూడా ఉంచితే బండ్లకు నీడ.

షెడ్డు కింద పోయడానికి మొరం పక్క గుట్ట నుంచి తవ్వి తెస్తే గనుల శాఖ పట్టుకుంటుంది, అనుమతి ఉన్న చోట కొని వేబిల్లు తీసుకోండి.

నాలా దగ్గర పెద్ద టెన్షన్ అక్కర్లేదు. సొంత వ్యవసాయం ట్రాక్టర్ చెట్టు కింద ఆపుకుంటే ఎవరూ అడగరు, కానీ కిరాయి బండ్ల అడ్డా, షెడ్డు, బోర్డు అంటే అది వ్యాపారం, ఆ మేరకు భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవాలి. మూడెకరాలూ మార్చకండి, కావలసిన 20 గుంటలే మార్చండి. జీహెచ్‌ఎంసీ బయట పన్ను ప్రభుత్వ విలువలో 3 శాతం, అంటే ఎకరం ప్రభుత్వ విలువ ఆరు లక్షలనుకుంటే 20 గుంటలకు 9000 రూపాయలు. చెప్పకుండా మార్చేసి తర్వాత దొరికితే దాని మీద ఇంకో 50 శాతం జరిమానా, మొత్తం 13,500. ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూ భారతిలో దరఖాస్తు చేయాలి, పట్టా నాన్నగారిది కాబట్టి ఆయన పేరుతోనే. ఆ 20 గుంటలకు రైతు భరోసా రాదు, అది కూడా నాన్నగారికి ముందే చెప్పండి, తర్వాత ఇంట్లో గొడవ పడకుండా. షెడ్డుకు పంచాయతీ అనుమతి వేరే.

కరెంటు గురించి మీరు అడగలేదు గానీ బోరు మోటారు ఉచిత కరెంటు నుంచి షెడ్డుకు వైరు లాగకండి. విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడినట్టు లెక్క, ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే వెనక్కి పన్నెండు నెలలకు రెట్టింపు రేటుతో వేస్తారు. కమర్షియల్ మీటరు పెట్టించుకోండి. ఇంజిన్లలోంచి తీసిన పాత ఆయిల్‌ను కందకంలో పారబోయొద్దు, అది ప్రమాదకర వ్యర్థం కింద లెక్క, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి.

సర్వే దరఖాస్తు ఈ వారమే పెట్టేయండి, కోతల సీజన్ మొదలైతే మీకూ తీరిక ఉండదు. హద్దులు తేలాక ఆ నకలు, పట్టా పాసుబుక్ జిరాక్సు పంపండి, చెట్ల దరఖాస్తు ఎలా రాయాలో అప్పుడు చెప్తాను.