వరి పొలం మట్టిలో మందులు వెతుకుతానంటోంది అమ్మాయి

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె, వరి వేస్తాం. మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు చదువుతోంది. మట్టిలోని బ్యాక్టీరియా నుంచి మందులు కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. దాంతో బతుకుతెరువు ఉంటుందా? చుట్టాలు బీఈడీ చేయించమంటున్నారు.

జవాబు: వరిలో పాముపొడ తెగులుకు మీరు వాలిడామైసిన్ మందు కొట్టే ఉంటారు. అది స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియా తయారుచేసే పదార్థమే. వీటిలోనే ఇంకో రకం నుంచి 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. క్షయకు పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అది. తొలకరికి గుప్పుమనే మట్టివాసన కూడా చాలావరకు వీటి పుణ్యమే. కాబట్టి అమ్మాయిది గాలి కబురు కాదు.

కష్టం ఎక్కడంటే, ల్యాబులో బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మీద ఒక బ్యాక్టీరియా చుట్టూ మిగతావి పెరగక తేటగా వలయం కనపడగానే పిల్లలు మందు దొరికిందని సంబరపడతారు. తీరా శుద్ధి చేసి చూస్తే చాలాసార్లు అది ఎప్పుడో తెలిసిన పాత పదార్థమే, లేదా మనిషికీ విషమే. ఈ దారిలో ఎమ్మెస్సీ, తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ లాంటి జాతీయ అర్హత పరీక్ష, ఆపైన ఐదారేళ్ల పీహెచ్‌డీ తప్పవు. నెట్‌లో మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు, ఇంటి నుంచి డబ్బు పంపే పని ఉండదు. రాకపోతే? అందుకే చేతిపని నేర్చుకోమంటాను. కల్చర్ (ల్యాబులో పెంచే బ్యాక్టీరియా) కలుషితం కాకుండా పెంచడం, పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష, రికార్డు రాయడం వస్తే మందుల కంపెనీల క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబుల్లో చోటుంటుంది. మన తీరం పొడవునా రొయ్యల హేచరీలున్నాయి. యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడితే విదేశాలు సరుకు తిప్పిపంపుతాయి కనుక చెరువుల్లో బాసిల్లస్ ప్రోబయోటిక్స్, అంటే మేలు చేసే బ్యాక్టీరియా, వాడకం పెరిగింది. అదీ ఈ చదువు పనే.

బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ అయ్యాకా చేయొచ్చు. ఇప్పుడే చేయిస్తే మాత్రం పిల్ల మనసు విరుగుతుంది, నాకది ఇష్టం లేదు.

ఈ సెలవుల్లో మీ పొలం మట్టినే కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లమనండి, లెక్చరర్‌ను అడిగి. ఇంట్లో మాత్రం బ్యాక్టీరియా పెంచనివ్వొద్దు. మూడో ఏడులో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలైన ఏపీ పీజీసెట్, సీయూఈటీ పీజీ రెండూ రాయించండి. దూరం పంపడానికి టెన్షన్ అయితే తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో అప్లయిడ్ మైక్రోబయాలజీ ఉంది, రైలెక్కితే పూటలో ఇంటికి రావచ్చు.